ఇంజిన్ ఆపిన తర్వాత

పెయిప్సి సరస్సు మీద మంచు కరిగి
పన్నెండు రోజులు.
నీళ్ళు ఇంకా చలికాలంలోనే ఉన్నాయి.
గాలి మాత్రం మే నెలలోకి వచ్చేసింది.

ఇలాంటి సాయంత్రాల్లో అవతలి గట్టు లేచి నిలబడుతుంది.
రోజూ నీటి అంచు కింద దాక్కునే రష్యా అడవి
ఆకాశంలోకి ఎక్కి, తలకిందులై,
చెట్ల కొనలకు చెట్ల కొనలు ఆనించి వేలాడుతుంది.
మా అమ్మ చూసి శిలువ గీసుకునేది.
బడి పంతులమ్మ మిల్వి మాత్రం,
వెలుగు వంగింది, సవ్వాతీ, అంతే, అంది.

మా తమ్ముడు త్రిఫోన్ పొగకొట్టం
మా గోడకి అవతల.
పదకొండేళ్ళుగా వాడి ముఖం ఆ మూల తిరగలేదు.
దగ్గు తిరిగేది.
వెలుగు తిన్నగా పోయే మనిషి, గోడ దగ్గరే ఆగిపోతుంది.
దగ్గుకి అంత పట్టింపు లేదు,
మూలని రాసుకుంటూ ఇవతలికి వచ్చేసి
నా టీ గ్లాసు పక్కన కూర్చుంటుంది.

ఆ రోజు ఒడ్డు వదులుతుంటే
ప్రార్థనామందిరం ఎర్రిటుక గోడ
నా ఇంజిన్ చప్పుడు నాకే విసిరేసింది,
అప్పు పుచ్చుకోని మనిషిలా.
రెండు మైళ్ళ లోపల ఇంజిన్ ఆపాను.
వల లాగాను. ఏడు చేపలు, చారలవి.
చుట్టూ ఎవరూ లేరు కదా అని
ఆ చేపలతో చెప్పాను,
ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే:
"మోటారు దొంగలెత్తుకుపోలేదు.
నేనే అమ్మాను. టార్టూలో. తాగేశాను."
ఒక చేప తోక కొట్టింది.
నేను వల మడిచాను.

తెల్లారి గడప మీద ఉల్లి జడ.
పోయినేటి పంట, పచ్చని మొలకలొచ్చి
పిల్లి మీసాల్లా నాలుగు పక్కలకీ చాచుకుని.
ఆ ముడి వేయడం ఊళ్ళో ఒక్కడికే వచ్చు,
మా నాన్న నేర్పింది ఎడమచేతి వాటం వాడికే.

ఎవరు మోశారు నా మాట?
మిల్వి నవ్వి ఏదో గీసింది కాగితం మీద.
నాకు తెడ్లతోనే అర్థమైంది:
కుడి తెడ్డు గట్టిగా వేస్తే పడవ ఎడమకి తిరుగుతుంది.
పైన వెచ్చని గాలిలో మాటకి అడుగు చురుకు,
నీటి పక్కన చలిలో నడక బరువు.
పై భుజం ముందుకు పోతుంది,
మాట మొత్తం కిందికి వాలి
నీటి మీదుగా ఒడ్డు పట్టుకుంటుంది.

నమ్మక, మరో వారానికి, ఎండ మండే మధ్యాహ్నం,
ఒడ్డు పక్కనే, వేడెక్కిన రాళ్ళ గుట్ట మీంచి
వాడి పేరు పెట్టి అరిచాను.
త్రిఫోన్ వల బాగుచేసుకుంటున్నాడు.
తలెత్తలేదు.
మధ్యాహ్నం మాటలు పైకి లేచి
సీగల్స్ పాలవుతాయట.
లేక విన్నాడేమో.
అది మిల్వి కాగితంలో లేదు.

ఈ సాయంత్రం గాలి లేదు.
అడవి మళ్ళీ తలకిందులుగా వేలాడుతోంది.
రెండు మైళ్ళు. ఇంజిన్ ఆపాను.
చెప్పాల్సింది ఇంకా ఉంది, అమ్మ ఉంగరం సంగతి.
నోరు తెరవబోతుంటే
నీళ్ళ మీదుగా, చెవి పక్కనే అన్నంత దగ్గరగా,
ఎవరో దగ్గారు.

వచ్చే దారి, పోయే దారి
ఒకటేనన్నమాట.