ఎముకతో వినేవాడు

బేగంపేట ఫ్లైఓవర్ మీద సూది ఎర్రగీత దాటింది.
ఫాబియాని రాణిగంజ్ దాకా తోసుకొచ్చాం.

థర్మోస్టాట్ డబ్బా పగులు తడిమి
కమ్రుద్దీన్ అన్నాడు:
"పిలాస్టిక్. దీనికి మన మే నెల
ఎవ్వలు చెప్పలే."

పక్కసందు లేత్ మీద అల్యూమినియంది చేయించాడు,
చెక్ దేశపు కొలతకి కాదు,
తన బొటనవేలి కొలతకి.

స్టార్ట్ చేయమని సైగ.
స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి,
పిడి చెవి వెనక ఎముకకి.
కళ్ళు మూసుకుని చాలాసేపు.
"మూడో సిలిండర్ దగ్గుతుంది. ప్లగ్గు మార్చాలె."

ఎంతయింది, అన్నాను.
రెండుసార్లు అన్నాను.
స్పానర్లు కడిగే పిల్లాడు నవ్వాడు:
"ఉస్తాద్‌కి మనుషులు వినబడరు, సార్."

వెనకద్దం దుమ్ములో వేలితో రాశాను: ఎంత?
కిందే రాశాడు: 2400.

వారమైంది.
కారు కడగలేదు.