రెండో చరణం

ఆ పాట ఎక్కడ్నించి మొదలైతదని
నన్నడిగితే
బర్రె ధర కాడ్నించి అంట.

ఎనభై ఏడు. షార్జా, సజా క్యాంపు.
గదికి ఎనిమిది మందిమి, ఒక్క కూలరు,
నా నేషనల్ టేప్ రికార్డరు.
ఆ యేడు ఎవరి నోట్ల చూసినా గదే పాట.
తెలుగు ముక్క రాని పఠాన్ గుల్‌జమాన్ సుత
క్రేన్ మీద కూసోని ఈలేసేటోడు.

రాజలింగు రోలాల మలబారీ దుకాణంల
ఏడు దిర్హాలు పెట్టి ఆ సినిమా క్యాసెట్ కొన్నడు.
మనం వినుడు కాదు, ఆమె వినాలె, అన్నడు.
కోరుట్ల పోయేటాయన సంచిల
జండూబామ్ డబ్బాల నడుమ పంపిండు.

నాలుగు నెల్లకు అదే క్యాసెట్ మళ్లొచ్చింది,
మామిడి తొక్కు వాసనతోటి.
ఖాళీది దొరకలేదో, దొరికినా పైసలు లేవో,
మరిది పోరడు ఎర్ర బటన్ నొక్కిపట్టినట్టున్నడు,
దేవవ్వ పాట మీదనే మాట్లాడింది.

ఇనవడుతుందా, అన్నది ముందుగాల.
బర్రెను పద్దెనిమిది వందలకు అడుగుతున్నరు, ఇయ్యలె.
బాయి మోటరు కాలింది.
చిన్నదానికి కింద రెండు పండ్లొచ్చినయి.
సావుకారి కాడ మిత్తి ఇప్పటికి
— అక్కడ కోడి కూసింది,
ఆ లెక్క మాకెవరికీ తెల్వకుంట పోయింది.

గదంతా వింటదని ఆమెకు ఎరుకే.
అందుకే మొగనికి చెప్పేటి మాట కాడికొచ్చి
గాజులు సప్పుడైనయి, అంతే.
కొంచెంసేపు ఊపిరి.
టక్కుమని బటన్ లేచింది.

ఆ సందుల నుంచి తూము తీసినట్టు
ఒక్కసారే వయొలిన్లు.
సగం మాట కాడ అందుకోని
రెండో చరణం.

నేను ఆపబోతే రాజలింగు నా చెయ్యి పట్టుకున్నడు.
ఉండనీ, అన్నడు. ఆమెదింక అయిపోలే.

రోజూ రాత్రి గంతే. బర్రె, మోటరు, పండ్లు, కోడి,
గాజులు,
వయొలిన్లు.
ఏడాదికి కోడి గొంతు పీలవడ్డది.
ఆయన బహ్రెయిన్ దిక్కు పోయిండన్నరు,
క్యాసెట్ పట్కపోయిండు.

నేనిప్పుడు రోలాలనే, ఒక బిల్డింగుకు వాచ్‌మన్.
ఆ దుకాణం జాగల ఫోన్ల కవర్లమ్ముతరు.
నిన్న రాత్రి డెలివరీ బండి మీదొచ్చిన మెట్‌పల్లి పోరడు
లిఫ్టు కాడ ఫోన్ల గదే పాట పెట్టిండు.
కడిగి తుడిచిన కొత్త సౌండు.
పల్లవొచ్చింది. మొదటి చరణమొచ్చింది.
ఎవరో గాయని వచ్చి
దేవవ్వ గొంతు మీద రికార్డు చేసిపోయినట్టు,
ఎంత తియ్యగున్నా
నాకు కోపమే వచ్చింది.

ఏం పాట గదా కాకా, అన్నడు.
మోటరు బాగైందో లేదో, అన్న.
వాడు నా మొఖం చూసిండు.
అంతల ఫోన్ల ఆర్డర్ మోగింది,
వయొలిన్లు రాకముందే
బండెక్కి పోయిండు.