సున్నపు తేట

రాత్రి డ్యూటీ దిగొచ్చి
చెప్పులైనా విప్పకుండా చూస్తాను:
ఏడు పాయింట్ ఏడు తొమ్మిది.
పగలంతా ఎనిమిదీ పాయింట్ రెండు దాకా ఎక్కిన నీళ్ళు
తెల్లారేసరికి ఇట్లా కుంగిపోతాయి.
లైట్లు ఆరితే పగడాలకీ
ఊపిరి వదలడమొక్కటే పని.

జిల్లాలు విడగొట్టాక
కాగితం మీద మా తిరుపతికి సముద్రం వచ్చింది.
బైరాగిపట్టెడలో రెండో అంతస్తుకి మాత్రం
నేనే మోసుకొచ్చాను:
బస్తా ఉప్పు, ఫిల్టరు నీళ్ళు,
నూట ఎనభై లీటర్ల సముద్రం.
ఇంటి ఓనరు లోకనాథం మెట్ల మీద ఆపి అడిగాడు,
"స్లాబు ఆగుతాదా సార్?"
స్లాబు ఆగింది.
పీహెచ్చే ఆగలేదు.

పొడులు వేశాను. ఎక్కేది,
మర్నాటికి అప్పులవాడిలా మళ్ళీ గుమ్మంలో నిలబడేది.
ఒక రాత్రి విసుగొచ్చి
సున్నపు నీళ్ళు లోటాడు ఒక్కసారే కుమ్మరించాను.
అద్దాల లోపల మంచు కురిసింది,
ఈ ఊళ్ళో ఎవరూ ఎరగని మంచు.
పొద్దునకి
చేతివేళ్ళలాంటి పగడం
కండ వదిలి ఎముకై నిలబడింది.

కింది వాటాలో మునెమ్మత్త విని నవ్వింది.
నలభై ఏళ్ళు కొర్లగుంట గోడలకి సున్నం కొట్టిన చేతులు,
గోళ్ళ మూలల్లో ఇప్పటికీ తెలుపు.
"కలబెట్టి పోస్తారా నాయినా ఎవురైనా?
మూతేసి పెట్టు. అడుక్కి దిగనీ.
తేరుకున్నాక పైన నిలిచేదే తేట.
అది గూడా
పసిబిడ్డకి ఉగ్గు పోసినట్టు పొయ్యాల."

ఉగ్గుగిన్నె లేదు, సెలైన్ సెట్టుంది
(కొన్నదే, ఆసుపత్రిది కాదు).
చక్రం బిగించి, సడలించి
రెండు క్షణాలకో బొట్టు,
రాత్రి పది నించి ఆరు దాకా.

నా ఉద్యోగమూ ఆ అంకెతోనే.
రక్తపు చుక్క మిషన్లో పెడితే
ఏడు పాయింట్ నాలుగు అంటుంది,
చీటీ మీద పేరు చదవను.
మొన్న ఆరు పాయింట్ తొమ్మిది అంది.
చంద్రగిరి పిల్లాడు.
పేరు చదివాను.

వారంపాటు ఎనిమిది మీదే నిలిచింది.
అప్పుడు దిగారు
గంగాధరనెల్లూరు చుట్టాలు, తొమ్మిది మంది,
దర్శనానికి.
తిరుపతిలో ఇల్లుంటే ఇంతే,
మన హాలు ఎప్పుడూ సగం సత్రం.
ఏసీ వేశారు, కిటికీలు మూశారు,
వరసగా పడుకొని
అలిసిన ఊపిరి అంతా గదిలోకి వదిలారు.

మూడు గంటలకి లేచి చూస్తే ఏడు పాయింట్ ఆరు ఎనిమిది.
తేట బొట్టుబొట్టుగా పడుతూనే ఉంది,
తొమ్మిది మంది గురకకి చాలడం లేదు.
పొమ్మనగలనా?
వాళ్ళ కాళ్ళ మధ్య వెతుక్కుంటూ అడుగులేసి
కిటికీ రెక్క జానెడు తెరిచాను.
కొండ వైపు నుంచి చల్లగాలి,
దాని వెంట దోమలు.
పెద్దాయన నిద్దట్లోనే తిట్టాడు.
నన్నో, దోమనో.

మర్నాడు కొండ దిగి వచ్చారు,
గుండ్లు, గుండ్ల మీద చందనం.
ఎనిమిదేళ్ళ దేవసేన
తొట్టి పక్కన గొంతుక్కూచుని అడిగింది,
"రాత్రంతా నీళ్ళకి ఏం ఎక్కిస్తావు మామా?"
మిగిలిన తేట గాజుగ్లాసులో పోసి
స్ట్రా ఇచ్చాను: తాగబాక, ఊదు.
ఊదింది. బుడగలు.
ఇంకా ఊదింది.
నీళ్ళు మెల్లగా పాలయ్యాయి.
"నేనేమన్నా చేశానా?" అంది భయంగా.
నీ ఊపిరే అది, అన్నాను.
పగడం ఇల్లు కట్టుకునేదీ ఈ తెల్లటి పొడితోనే.
నమ్మలేదు.
నోటి ముందు చెయ్యి పెట్టుకుని
రెండుసార్లు ఊపిరి వదిలి చూసుకుంది.

సాయంత్రం బస్సెక్కారు.
బల్ల మీద రెండు లడ్లు, ఒక మరిచిపోయిన దువ్వెన.
దువ్వెన ఎవరికి అవసరమని, పోనీ.
మీటరు ఎనిమిది దాటింది.
కిటికీ జానెడు అట్లానే వదిలేశాను.

గ్లాసు ఇంకా కడగలేదు.
తేరుకుంటోంది.