మొదటి పేజీకి ఎండ

నలభై డిగ్రీలు.
ఎడిటర్ ఫోను: "మార్గేట్ బీచికి పో.
పిల్లలు, ఐస్‌క్రీమ్, నవ్వులు.
నాలుగింటికల్లా నా టేబుల్ మీదుండాలి."

తీశాను.
మోచేతి దాకా కారిన స్ట్రాబెర్రీ రంగు.
నాలిక చాచి రొప్పుతున్న కుక్క కూడా
ఫోటోలో నవ్వుతున్నట్టే పడింది.

తిరిగొస్తుంటే, పెట్రోలు బంకు వెనక
తారు పోసే మనిషొకడు
లారీ కింద తప్ప ఎక్కడా నీడ లేక
అందులోకే దూరి పడుకున్నాడు.
బూట్లు మాత్రం ఎండలో మిగిలాయి.

కెమెరా ఎత్తాను.
"ఇక్కడేముందయ్యా, బీచికి పో" అన్నాడు.
అక్కణ్ణుంచే వస్తున్నానని
చెప్పలేకపోయాను.

మర్నాడు మొదటి పేజీ నిండా
'వచ్చింది వేసవి పండగ!'
పదిహేడో పేజీ అడుగున, అగ్గిపెట్టెంత చోట్లో
డెస్మండ్ పికరింగ్, రోడ్డు పనివాడు, యాభై రెండేళ్ళు.
ఫోటో లేదు.

ఉంది.
నా దగ్గర.
బూట్లది.