నాలుగో బిరడా

హల్ ఊళ్లో, హెజిల్ రోడ్డులో
నా కొట్టు బోర్డు మీద కుట్టు మిషన్ బొమ్మ ఒక్కటే ఉంది.
గిటార్ అనే మాట ఎక్కడా లేదు.
అయినా ఆ మంగళవారం వానను వెంటబెట్టుకుని
డెన్నిస్ స్టాథర్స్ వచ్చాడు,
చంకలో పసిబిడ్డంత పెట్టెతో.

మూత తీస్తే, ఒడిలో పడుకోబెట్టి వాయించే స్టీల్ గిటార్.
మా మేనత్త వీణకు బిరడాలు చెక్కవి.
దీనివి ఇనుపవి, అటు మూడు, ఇటు మూడు.
"సంగీతం నాకు రాదండీ" అన్నాను.
"మీ దగ్గర మంచి నూనె ఉంటుందని విన్నాను" అన్నాడు.

అది నిజమే.

ఒక్కోదాని చెవి మెలిపెట్టి చూశాను.
మొదటిది వదులు, రెండోది గరగర,
మూడోదాని ప్లాస్టిక్ బొత్తాం
అప్పడంలా నా వేళ్ల మధ్యే పొడైంది.
నేను నొచ్చుకునేలోపు ఆయనే నొచ్చుకున్నాడు.
నాలుగోది కదల్లేదు.
దుక్కి మధ్యలో ఎద్దు కూలబడ్డట్టు
కూలబడింది.

తంతులు సడలించి, మరలు ఊడదీసి
దీపం కిందికి తెచ్చాను.
రేకు డొక్కులో మెలి తిరిగిన ఇరుసు,
దాన్ని కరుచుకున్న పళ్లచక్రం,
రెంటి మధ్యా యాభై ఏళ్ల గ్రీజు
తేనెమైనంలా గడ్డకట్టి.
అందులో తెల్లగా ఏవో పలుకులు.
వేలికి అద్దుకుని నాలిక్కి రాసుకున్నాను.
ఉప్పు.

"ఐస్‌లాండ్ అవతల" అన్నాడు, అడక్కుండానే.
"చేపల ఓడ. కాపలా దిగాక, నా బంకులో.
దీపం వేస్తే తిట్టేవాళ్లు.
అందుకే ఆకురాయితో గంట్లు పెట్టుకున్నా."
అప్పుడు కనపడ్డాయి ఇరుసు కొనల మీద
ఒక గంటు, రెండు గంట్లు, మూడు,
చీకట్లో వేళ్లు చదువుకునే లెక్క.
ఓడ మీద ఈల వేయకూడదట, గాలి లేస్తుందట.
మరి గిటార్?
"దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు."

సంగీతం రాదు గానీ బిగువు నాకు తెలుసు.
పై దారం ఎక్కువ లాగితే గుడ్డ ముడుచుకుంటుంది,
తక్కువ లాగితే కింద ఉండలు కడుతుంది.
సూదిమొనతో మైనం గీకాను.
లైటర్లో పోసే పెట్రోలులో నానబెట్టి
ఇద్దరం టీ తాగాం.
టూత్‌బ్రష్‌తో తోముతుంటే రేకు నెత్తిన
ఆవగింజంత కన్నం బయటపడింది.
నూనె కోసమే ఎవడో ముందుచూపుతో విడిచిన కన్నం,
దాని మీద ఇంకెవడో వార్నిష్ పూసేశాడు.
తెరిచి ఒక్క చుక్క వేశాను.
రెండోది వేయబోయి ఆగాను.
ఎక్కువైతే చెక్కలోకి పాకుతుంది.

ముందుకు పావు చుట్టు, వెనక్కి పావు చుట్టు.
అలిగినవాళ్లతో మాట్లాడినట్టు
ఒక్కో మాటే.
అరగంటకు కిర్రుమంది.
గంటకు తిరిగింది,
తిరిగి తిరిగి ఒకచోట ఠక్కున జారింది.

పళ్లచక్రానికి ఒక పన్ను లేదు.
నూనెతో మొలిచేది కాదది.
ఈ కొలత ఇప్పుడు దొరకదు, అయినా వెతుకుతానన్నాను.
"తెలుసు" అన్నాడు. "డెబ్బై రెండులో విరిగింది.
ఊడిన మెట్టు సంగతి కాలే చూసుకుంటుంది కదా."

కొత్త బొత్తాం రంగు కలవలేదు,
మిగతావి బీడీ తాగేవాడి గోళ్ల రంగు, ఇది పాల తెలుపు.
నా కొట్లో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని
స్వరాన్ని కావలసినదానికంటే కిందికి దించి
మళ్లీ నెమ్మదిగా పైకి తెచ్చాడు.
"పైనుంచి దిగి ఆగితే నిలవదు, జారుతుంది" అన్నాడు.
నాలుగోది ఆ పన్ను దగ్గర
ఒక్క క్షణం తడబడి, దాటింది.

తర్వాత ఉక్కు కడ్డీని తంతుల మీద జార్చాడు.
పాట కాదనుకుంటాను, సరిచూసుకోవడమే.
అల్మారాలో బాబిన్లు మాత్రం
ఒకదాన్నొకటి తాకి సన్నగా వణికాయి.

నూనెకు ఒక పౌండు అన్నాను.
మర్నాడు తలుపు పిడికి కాగితం పొట్లం వేలాడుతోంది,
పొగబెట్టిన హాడక్ చేప, వానకు తడిసి.
నేను చేపలు తినను. ఆయనకు ఎలా తెలుస్తుంది?
పొట్లం పక్కింటివాళ్లకు ఇచ్చేసి
చేయి కడుక్కోబోతూ
వేలికంటిన ఉప్పును మళ్లీ
నాలిక్కి రాసుకున్నాను.