ఎండ బాడుగ

లక్కిరెడ్డిపల్లెలో మే నెల.
గోడౌను గోడ ఇంత నీడ పడేస్తే
ఏడుగురం అందులోకి ముడుచుకోని
విత్తనాలకు సెనిక్కాయలు వలుస్తాండాం.
పట్ట ఇప్పటికి మూడుసార్లు జరిపినాం.
నీడ యాటికి పోతే ఆటికి మేము,
మా వెనకాల చేటలు, నీళ్ల బింది.

ఉసేనమ్మ కువైట్ నుంచి వచ్చి పన్నెండు దినాలు.
వేళ్లు మెత్తబడినాయంట, తొక్క పగలదు.
నోరు మాత్రం పాతదే.
"స్పెయిన్ అని ఒక దేశముండాది మే" అని ఎత్తుకునింది,
రాయచోటి అవతల ఊరేదో చెప్పినట్టు.

సేటు సంసారమంతా మూడు వారాలు పోయిందంట ఆడికి,
చిన్నోన్ని చూసుకోను ఈమె.
"ఎండకు తాళలేక పోయినారా?" గంగులమ్మ అడిగింది.
"మా సేటోల్లు ఎండకు తాళలేక.
తక్కిన జనమంతా ఎండ కోసరం."

వలిచే చేతులు నిలబడినాయి.

"ఇసకలో వరసగా మంచాలు.
ఒక దినానికి మంచం బాడుగ నా నాలుగు దినాల జీతం.
నూనె పూసుకోని పండుకుంటారు, ఆడా మొగా.
ఒకపక్క కాలినాక ఇంకోపక్క,
కల్లంలో మిరపకాయలు తిరగేసినట్టు.
ఎండ జరిగితే మంచం జరుపుతారు.
మనం పట్ట జరపల్యా, అట్లనే,
కాకుంటే మనకు ఎదురు దిక్కు."

"పిలుచుకోని రాగూడదా మే" అనింది ఓబులమ్మ,
"మా చేనికాడ ఎకరాలకెకరాలు ఊరికే ఇస్తా."

ఒక ముసిలామె, గెనుసుగడ్డ తోలు మాదిరి ఎర్రగా కమిలి,
ఈమె చెయ్యి పట్టుకోని, పక్కన తన చెయ్యి ఆనిచ్చి,
ఈ రంగు యాడ తెచ్చుకున్నావని సైగ చేసిందంట.
"సెనిక్కాయ చేన్లో అన్నా, తెలుగులోనే.
అదేదో మంచి ఊరనుకోని తల ఊపింది పాపం."
అందరం నవ్వినాం.
గంగులమ్మ కూతురు నవ్వల్యా.
ఆ పిల్ల మొన్న సంతలో తెల్లబడే క్రీము కొనింది,
మాకందరికీ తెలుసు.

"కొండలు మాత్రం అచ్చం మన పాలకొండలే.
అదే బోడి నెత్తి, అదే రాళ్లు.
దోవ పక్కన ముసిలాయన ఒగడు
నాగజెముడు పండ్లకు ముండ్లు గీకి
ఐసు మీద పెట్టి అమ్ముతాండాడు!
కారు ఆపమని అడగలేకపోయినా.
కరువు ఏడు మా నాయన కట్టెతో రాల్చి పెట్టినాడు ఆ పండ్లు,
మూడు దినాలు నాలిక ఎర్రగుండె."
నాలిక బయటపెట్టి చూపిచ్చింది,
ఇంకా ఉందేమో చూడండన్నట్టు.

ఆలివ్ అని ఒక చెట్టంట, ఆకు వెనక బూడిద పూసినట్టు.
కాయ కొరికితే దాని ముందర వేపకాయ బెల్లం.
దొరసాని పారేసిన ఎండనూనె సీసా తెచ్చింది.
అత్త మోకాళ్లకు పూసుకుంటాంది,
నొప్పి తగ్గిందంటాంది.

"సముద్రం?" అనింది నేను.
నేను చూడల్యా, ఈ పుట్టుకలో.
కొంచెంసేపు కాయ వలిచింది.
"కువైట్లో నాలుగేండ్లు కారు అద్దంలోంచే.
ఆడ తెల్లారుజామున, వాళ్లు లేయకముందు,
మోకాళ్లదాకా దిగినా.
వెలిగల్లు డ్యాం నిండిన ఏడు గట్టుకాడ నీళ్లు ఎట్ల తట్టె,
అట్ల తట్టినాయి కాళ్లకు.
ఎవురూ ల్యారు. మన ఊరి పేరు గట్టిగా చెప్పినా, ఎందుకో."
"ఏమన్నా పలికెనా?"
"ఏం పలుకుతాది. నోట్లో ఉప్పు."

ఫోనులో ఒకటే ఫోటో.
చేతుల దుమ్ము చీరెలకు తుడుచుకోని చూసినాం.
సేటు కొడుకు, ఎర్ర బక్కెట్టు, ఇసక.
అంచున పొడుగ్గా నీడ, గొడుగు పట్టుకోని.
"నువ్వు యాడ మే?"
"అదే."

గుమస్తా కేకేసినాడు, తూకానికి యాళైందని.
ఉసేనమ్మ చేట సగం గుడక నిండల్యా.
తలా నాలుగు గుప్పిళ్లు అందులో పోసినాం.
ఓబులమ్మ మాత్రం రెండే పోసింది,
చెప్పిన దాంట్లో సగం అబద్ధమని.