ఆరునూర్ల ఎనభై అడుగులు

బోరు ఫెయిలయినాక కేసింగు పైపు మూతి మీద
వన్నూరమ్మ ఒక బండరాయి పెట్టింది.
పిల్లలు పడతారని కాదు,
గాలి లేచిన రాత్రి అది ఊళ పెడుతుందని.
"అప్పు అరిసినట్టుంటాదప్పా" అంది.

ఆ ఊళ కోసమే నేనొచ్చింది.

కంబదూరులో నాది మైకుసెట్టు అంగడి.
పెండ్లికీ పీర్ల పండక్కీ బాక్సులు దించే పని.
ఇరవై ఏండ్లుగా తిట్లు తిన్నది ఒక్కదానికే,
మైకు పోయి బాక్సు ముందర నిలబడితే వచ్చే కూతకి.
తలంబ్రాలప్పుడు ఒకసారి కూసింది.
పెండ్లికొడుకు మేనమామ నా చొక్కా పట్టుకున్నాడు.

ఆ కూతనే ముక్కలు కోసి దాచుకున్నా, ఎవరికీ చెప్పకుండా.
ఎట్లెట్లనో పోయి అది సోహ్రా చేరింది,
బడి పుస్తకంలో చిరపుంజి అని చదివిన ఊరు.
అక్కడ ఇబాన్రి అని ఒకామె.
చర్చివాళ్లు పారేసిన కాలి హార్మోనియానికి
తిత్తి చినిగిన చోట సైకిలు ట్యూబు అతికించి వాయిస్తుంది.
"ఆ కూత ఇంకొంచెం ఉందా?" అని అడిగింది.
పుట్టి బుద్ధెరిగినాక ఆ మాట నన్నెవరూ అడగలేదు.

ఇద్దరిదీ విరిగిన హిందీ.
విరిగిన చోట్లు మాత్రం వేరు.

మొదట్లో ఒకేసారి వాయిద్దామనుకున్నాం.
నా దెబ్బ ఆమెకు చేరేసరికి
ఆమె స్వరం నాకు పాతబడిపోయేది.
సిగ్నలు కోసం గుట్టెక్కి, గుండు మీద ల్యాపుటాపు పెట్టుకుని
నెలరోజులు ఒకరినొకరం తరుముకున్నాం.
ఆఖరికి విసుగొచ్చి
ఆ జాగునే తాళం చేసుకున్నాం.
ఇప్పుడామె ఒక స్వరం పంపి వంట చేసుకుంటుంది.
నేను మూడో నాటికి జవాబిస్తాను.
ఒక నిమిషం పాట నడవడానికి మాకు ఒక కార్తె పడుతుంది.

అక్కడ ఒకటే వాన.
ఏది పంపినా అడుగున వాన ఉంటుంది,
రేకుల మీద, తూము కింద, మాట మధ్యలో.
"వాన లేని నిశ్శబ్దం ఎట్లుంటాదో పంపు" అంది.
నవ్వొచ్చింది.
చెనక్కాయ పండని యేడు గూడా
అది పండుతుంది మాకు.

బండ పక్కకు దొర్లించి
చేతి రికార్డరు నైలాను దారానికి కట్టి దించాను.
అడుగులు లెక్కబెట్టింది వన్నూరమ్మ.
నూరు. ఇన్నూరు. మున్నూరు.
ఐనూరు కాడ గొంతు ఆగింది.
"ఈడనే రిగ్గాయప్ప అనింది, ఇంగొక నూరు పోతే గంగ ఖాయమని."
ఆ నూరుకు కమ్మలు పోయినాయి.
ఆ పై ఎనభైకి ఏం పోయిందో చెప్పలేదు.
అడుగు తగిలింది.
పైనుంచి ఒక్క చప్పట కొట్టాను.

అది కిందికి పోయి, గోడలు తడుముకుని,
ఎవరో "ఆఁ?" అన్నట్టు పైకొచ్చింది.
ఇబాన్రికి అంతే కావాలి.
ఆ ఒక్క చప్పటతో గొయ్యి మొత్తం ఆమె మిషన్లోకి దిగుతుంది,
తర్వాత ఏ శబ్దం వేసినా అందులో పడినట్టే మోగుతుంది.

పదకొండో నాడు ఫైలొచ్చింది.
కమ్మల బెజ్జాల్లో చీపురుపుల్లలు,
వాటి పక్కనే నా ఇయర్‌ఫోన్లు.
మొదట తిత్తి ఊపిరి.
తర్వాత నా కూత, ఎంతో దూరం నుంచి, సాధువై.
తర్వాత వాన.
సోహ్రా వాన,
ఆరునూర్ల ఎనభై అడుగుల లోతున, ఆమె బోరులో.

ఆమె కండ్లు మూసుకోలేదు.
పైపు దిక్కే చూస్తా, చెవిటోళ్లతో మాట్లాడినట్టు
గట్టిగా అడిగింది:
"ఎన్నించులు పడినాయప్పా?"

ఏం చెప్పాల్నో తెలీక
నాలుగు నిమిషాల పన్నెండు సెకండ్లన్నాను.

లెక్కేసుకుంది.
"అరెకరాకు గూడా చాలదు" అని తీసి చేతికిచ్చింది.
బండ మళ్లా మూతి మీదికి నెడుతుంటే
వెనకనుంచి పిలిచింది.
"ఆ పాపను అడుగు. వాళ్లకాడ చెనక్కాయ అవుతాదా?"

గుట్టెక్కి అడిగినాను.
జవాబు రాలేదింకా.
మా తాళం ప్రకారం ఇంకా రెండు రోజులుంది.